పాత కార్లను ‘విన్‌టేజ్’ పేరుతో అమ్మే వ్యాపారులకు, మధ్యవర్తులకు బహిరంగ లేఖ

అయ్యలారా,

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం మొదలుకొని బెంగళూరు, చెన్నై, కోయంబత్తూరు వరకు పాత అంబాసిడర్లను, ఫియట్లను, హెరాల్డులను, జీపులను కొని, షెడ్డులో వేసి బాగుచేయించి, తిరిగి అమ్మే వ్యాపారంలో ఉన్న మీ అందరినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. కారు కొనదలచిన మిత్రులు, వారి మిత్రులు నన్ను తోడు తీసుకొని వెళ్ళడం, నేను బండి కిందికి దూరి చూసి నాకు కనబడింది వారికి చెప్పడం చాలాకాలంగా సాగుతున్న వ్యవహారం. అందువల్ల బండిని చూడబోయే ముందు మీ ప్రకటనను ఒకసారి, చూసి వచ్చిన తర్వాత అదే ప్రకటనను మరొకసారి చదవడం నాకు అలవాటయింది. మొదటిసారి చదివినప్పుడు ఉన్న బండి రెండోసారి చదివేనాటికి చాలావరకు కరిగిపోతోంది కాబట్టే ఈ లేఖ రాయవలసి వచ్చింది.

యాభై ఏళ్ళ బండికి తుప్పు పట్టి ఉండడం నా దృష్టిలో నేరం కాదు. రంగు రెండు మూడు సార్లు వేయించి ఉండడం, ఇంజిను బోరుకు వచ్చి పని చేయించి ఉండడం, సీట్లు కొత్తగా కుట్టించి ఉండడం కూడా తప్పులు కావు. మన ఎండలకు, మన వానలకు ఇవేవీ జరగకుండా మిగిలిన బండి దొరకడమే కష్టం. జరిగిన పనిని జరగనట్టు, జరగని పనిని జరిగినట్టు రాయడం మీదనే నా అభ్యంతరమంతా. ‘ఫుల్ ఒరిజినల్’, ‘షోరూం కండిషన్’, ‘రూపాయి పని లేదు’, ‘ఇండియాలో ఇదొక్కటే’ అన్న నాలుగు మాటల్లో ఒక్కటైనా లేని ప్రకటన ఈ మధ్య నా కంటబడలేదు. ఆ నాలుగింటిలో ఒక్కదానికైనా ఆధారం చూపిన ప్రకటన అంతకన్నా అరుదు.

అన్నిటికన్నా తేలికగా తేలిపోయే విషయం సంవత్సరం. మీరు ప్రకటన మొదటి వరుసలో వేసే మోడల్ సంవత్సరం చాలాసార్లు ఆ కారుకు ఉండే అవకాశమే లేని సంవత్సరం. ‘1962 మోడల్ ప్రీమియర్ పద్మిని’ అని రాస్తారు. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ కర్మాగారంలో ఫియట్ 1100డి తయారీ మొదలైంది 1964లో. ఆ కారే 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా, 1974లో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుంది. 1962లో ఆ కర్మాగారం నుంచి వచ్చినది అంతకు ముందు తరానికి చెందిన సూపర్ సెలెక్ట్. దాని ముందు తలుపుల కీళ్ళు నడిమి స్తంభానికి ఉంటాయి కాబట్టి తలుపు వెనుకవైపుకు తెరుచుకుంటుంది. 1100డి వచ్చేసరికి ఆ కీళ్ళు ముందువైపుకు మారాయి. కాబట్టి మీరు పెట్టిన ఫొటోలో ముందు తలుపు ఎటు తెరిచి ఉందో చూస్తే చాలు, మీరు రాసిన సంవత్సరం నిలుస్తుందో లేదో బండి దగ్గరకు వెళ్ళకుండానే తెలిసిపోతుంది.

అంబాసిడర్ల సంగతీ ఇంతే. 1954లో ఉత్తర్‌పారాలోని హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసినది లాండ్‌మాస్టర్. అంబాసిడర్ ఆ దశాబ్దం చివరలో వచ్చింది. మార్క్ 2 వచ్చింది 1962లో, మార్క్ 3 1975లో, మార్క్ 4 1979లో. అటువంటప్పుడు ‘1954 అంబాసిడర్’, ‘1968 మార్క్ 4’ అన్న మాటలు ఎలా పుడుతున్నాయో మీరే చెప్పాలి. కొన్నిచోట్ల అది తెలియక రాసినదే కావచ్చు. అయితే, ఎనభైల నాటి మార్క్ 4 బాడీకి మార్క్ 2 గళ్ళ గ్రిల్లు బిగించి, బంపర్లకు నికెల్ పూత వేయించి, రెండు రంగుల పెయింటు కొట్టించి ‘1965’ అని రాయడం తెలియక జరిగే పని కాదు. గ్రిల్లు మార్చడానికి స్క్రూడ్రైవరు చాలు, ఆర్.సి.లో తేదీ మార్చడానికి చాలదు; కొనుగోలుదారు బదిలీకి వెళ్ళిన రోజున ఆ తేదీ బయటపడక తప్పదు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్ విషయంలో ఇంకో వింత చూశాను. నాలుగు తలుపుల హెరాల్డ్‌ను ‘ఇంగ్లండు నుంచి దిగుమతి అయినది’ అని ఒక ప్రకటనలో వర్ణించారు. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ కారు రెండు పక్క తలుపులతోనే వచ్చింది. నాలుగు తలుపుల హెరాల్డ్ మన దేశపు ప్రత్యేకత. దిగుమతి అని అబద్ధం చెప్పి, ఆ కారుకు నిజంగా ఉన్న విశేషాన్ని ఆ అమ్మకందారే పోగొట్టుకున్నాడు.

ఇక జీపుల దగ్గరకు వస్తే, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అతిశయోక్తికి ధర అన్నిటికన్నా ఎక్కువ పలికేది ఇక్కడే. ‘1942 రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ఆర్మీ విల్లీస్, బర్మా సరిహద్దులో తిరిగినది’ అంటూ ఆకుపచ్చ రంగు, బానెట్ మీద తెల్ల నక్షత్రం, వెనుక పెట్రోలు డబ్బా ఉన్న జీపు ఫొటో పెడతారు. యుద్ధకాలంలో విల్లీస్ సంస్థ చేసిన ఎం.బి., ఫోర్డ్ సంస్థ చేసిన జి.పి.డబ్ల్యు. మన దేశానికి నిజంగానే పెద్ద సంఖ్యలో వచ్చాయి. యుద్ధం తర్వాత మిలిటరీ వేలంపాటల్లో సామాన్యుల చేతికి కూడా చేరాయి. వాటిలో కొన్ని ఈనాటికీ బతికి ఉన్నాయన్నది నిజం. కానీ యుద్ధం తర్వాత వచ్చిన పౌర అవసరాల జీపులు, మహీంద్రా సంస్థ దశాబ్దాలపాటు తయారుచేసిన సి.జె. 3బి, ఆ తర్వాతి ఎం.ఎం. 540 మన ఊళ్ళలో అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తిరిగాయి. ఇప్పుడు ‘1942’ పేరుతో అమ్మకానికి వస్తున్న జీపుల్లో ఎక్కువ భాగం వీటి చాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీద కొత్త రేకుతో కట్టిన బాడీలేనని నా అనుభవం.

వాటిని గుర్తుపట్టడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. యుద్ధకాలపు జీపుకు, మొట్టమొదటి ఇనుప పట్టీల గ్రిల్లు బండ్లను మినహాయిస్తే, ముందు గ్రిల్లులో తొమ్మిది గాళ్ళు ఉంటాయి. 1945లో మొదలైన పౌర జీపు సి.జె. 2ఎ నుంచి అవి ఏడుకు తగ్గాయి, హెడ్‌లైట్లు పెద్దవై పైకి వచ్చాయి. మిలిటరీ జీపులో హెడ్‌లైట్లు గ్రిల్లు వెనుక, లోపలికి కూర్చుని ఉంటాయి. రాత్రివేళ ఇంజిను పని చేసుకోవడానికి వీలుగా వాటిని వెనక్కు తిప్పి ఇంజిను మీదకు వెలుగు పడేలా చేయవచ్చు. మిలిటరీ జీపు వెనుక భాగం తెరుచుకోదు, అక్కడ స్టెప్నీ, డబ్బా బిగిస్తారు. తెరుచుకునే వెనుక తలుపు పౌర జీపు లక్షణం. పెట్రోలు పోసే మూత మిలిటరీ జీపులో డ్రైవరు సీటు కింద ఉంటుంది, బాడీ పక్కన బయటకు ఉంటే అది తర్వాతి బండి. సి.జె. 3బి బానెట్ ఎత్తుగా ఉండడానికి కారణం దాని ఇంజినులో కొన్ని వాల్వులు పైభాగంలో ఉండడం. యుద్ధకాలపు 2199 సి.సి. ఇంజినుకు వాల్వులు పక్కన ఉండేవి కాబట్టి దానికి ఎత్తు బానెట్ అవసరం రాలేదు. బాడీ మొత్తం కొత్త రేకుతో కట్టి పైన చెప్పినవన్నీ అనుకరించినా, కింద చాసిస్ చెబుతుంది: ముందు బంపరు వెనుక, రేడియేటరు కింద అడ్డంగా పోయే కడ్డీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన కాలువ ఆకారంలో ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ తన బోల్టుల తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం అచ్చొత్తింది. ఈ కడ్డీని చూపించే ఫొటో ఒక్కటి పెట్టండి అని అడిగితే, ‘బండి దగ్గరకు వచ్చి చూసుకోండి’ అన్న జవాబే తప్ప ఫొటో రాదు. డాష్‌బోర్డు మీద ఇత్తడి పలకలు ఉన్నాయి కదా అంటారు. ఆ పలకలు కొత్తవి అచ్చువేసి అమ్ముతున్నారు, ఎవరైనా తెప్పించుకోవచ్చు. పలక ఉన్నంత మాత్రాన అది ఆ చాసిస్‌తో పుట్టినట్టు కాదు.

మహీంద్రా జీపు తక్కువదని నేను అనడం లేదు. మన గ్రామాల్లో, గనుల్లో, అడవుల్లో నలభై ఏళ్ళు పనిచేసిన బండికి దాని గౌరవం దానికి ఉంది. దాన్ని దాని పేరుతో, దాని ధరకు అమ్మితే కొనేవారు కొరవడరు.

ఆర్.సి.లో ఉన్న తేదీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని మీకు అనుకూలమైనప్పుడు సాక్ష్యంగా, అనుకూలం కానప్పుడు గుమస్తా పొరపాటుగా చూపిస్తున్నారు. మిలిటరీ వేలంలో అమ్ముడుపోయిన బండికి వేలం తర్వాతే పౌర రిజిస్ట్రేషన్ జరుగుతుంది కాబట్టి బండి వయసుకన్నా ఆర్.సి. తేదీ చిన్నదై ఉండవచ్చు, ఇది నిజమే. కానీ ఆ వాదన చేసేవారు వేలం కాగితమో, పాత ఆర్.సి. పుస్తకంలోని మొదటి పేజీయో చూపించాలి. తయారీ సంవత్సరం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ రెండూ వేరువేరుగా ప్రకటనలో రాస్తే ఈ గొడవే ఉండదు.

ఆ తేదీకి చట్టం దృష్టిలో కూడా విలువ ఉంది. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించి విన్‌టేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. దాని ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు మాత్రమే విన్‌టేజ్ వాహనాలు. అవి మొదటి రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజినులో గానీ గణనీయమైన మార్పులు జరిగి ఉండకూడదు. కొత్తగా ఈ రిజిస్ట్రేషన్ చేయించుకోవడానికి రుసుము 20,000 రూపాయలు, తర్వాత మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించుకోవడానికి 5,000 రూపాయలు, గడువు పదేళ్ళు. రాష్ట్ర సంకేతం తర్వాత ‘వి.ఎ.’ అక్షరాలతో నంబరు వస్తుంది. అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి రోడ్డు మీదకు తీసుకురావచ్చు గానీ, రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. ఇప్పుడు మీ ప్రకటనలు చూడండి. ‘1988 విన్‌టేజ్ పద్మిని, వి.ఎ. నంబరు వస్తుంది, రోజూ ఆఫీసుకు వాడుకోవచ్చు’ అని ఒకే వాక్యంలో ఉన్నది నేను చదివాను. 1974లో ఆ పేరు పెట్టారు కాబట్టి పద్మినుల్లో అతి పాతవి మాత్రమే ఈ మధ్యనే యాభై దాటాయి. 1988 బండికి ఇంకా చాలా కాలం ఉంది. వయసు సరిపోయినా, అలాయ్ చక్రాలు, బకెట్ సీట్లు, మారుతి ఇంజిను బిగించిన బండిని మొదటి రూపంలో ఉన్నదని, రిజిస్ట్రేషన్‌కు ముందు బండిని పరిశీలించే కమిటీ ముందు ఎవరు నిలబెడతారు? రెండూ సరిపోయి వి.ఎ. నంబరు వచ్చినా, ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్ళడం కుదరదు. ఒక్క వాక్యంలో మూడు హామీలు ఇచ్చారు, వాటిలో ఒక్కటీ నిలవదు.

ఇంజిను మార్పిడి విషయంలో మీ మౌనం ప్రమాదకరం కూడా. డెబ్బైలలో, ఎనభైలలో పెట్రోలు ధర భరించలేక పెద్ద అమెరికన్ కార్లకు, డాడ్జిలకు, ప్లిమత్‌లకు మటడోర్ వ్యానులో వాడిన డీజిల్ ఇంజిను బిగించడం దేశమంతటా జరిగింది. అది ఆనాటి అవసరం. అయితే చాలా బండ్ల ఆర్.సి.లో ఇంధనం ఇప్పటికీ పెట్రోలు అనే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయరాదు. ఇంజిను మార్చుకోవాలంటే రవాణాశాఖ అనుమతి ఉండాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిషేధాన్ని గట్టిగా చెప్పింది. ‘డీజిల్ కన్వర్షన్, సూపర్ మైలేజీ’ అని గొప్పగా రాసి, ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కిందో లేదో చెప్పకపోతే, ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసినది కొన్నవాడే. ‘మ్యాచింగ్ నంబర్స్’ అన్న మాటను కూడా దయచేసి జాగ్రత్తగా వాడండి. ఇంజిను మీది నంబరు ఆర్.సి.లోని నంబరుతో సరిపోతే, కాగితం, బండి సరిపోయాయని మాత్రమే అర్థం. ఆ ఇంజిను కర్మాగారంలో ఆ చాసిస్‌లోనే బిగించారని దానివల్ల రుజువు కాదు, ఎందుకంటే మధ్యలో ఇంజిను మార్చి ఆర్.సి.లో సక్రమంగా ఎక్కించుకొని ఉండవచ్చు.

ఇక బాడీ. మీ ఫొటోలన్నీ ఒకే కోణంలో ఎందుకు ఉంటాయో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ముందు మూల నుంచి, కాస్త కింది నుంచి, సాయంత్రపు ఎండలో, అప్పుడే నీళ్ళు కొట్టిన బండి. తడిసిన రంగు మీద గీతలు, మచ్చలు, ఎగుడుదిగుళ్ళు కనిపించవు, పొడిబారిన రంగు కూడా మెరుస్తుంది. పద్మినికి, అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బలం. కాబట్టి వాటిలో తుప్పు చూడవలసినది అందం కోసం కాదు, బండి విరగకుండా ఉండడం కోసం. తలుపుల కిందుగా ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సాగే సిల్ రేకు, జాకీ పెట్టే చోట్లు, కాళ్ళ కింది ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ కింద భాగం, బ్యాటరీ కూర్చునే పళ్ళెం, వెనుక కమాను పట్టీలు బిగించే చోట్లు, అంబాసిడర్‌లో అదనంగా ముందు టార్షన్ బార్లు కిందికి వచ్చి పట్టుకునే చోట్లు చూడాలి. ఇవన్నీ కలిపి పది ఫొటోలు కావు. మీ ఇరవై ఫొటోల్లో వీటిలో ఒక్కటీ ఉండదు, స్టీరింగ్ మధ్యలోని ముద్ర మాత్రం మూడుసార్లు ఉంటుంది.

ఈ చోట్లలో రేకు పోతే కోసి కొత్త రేకు అతికించి వెల్డింగ్ చేయాలి. అది ఖర్చుతో కూడిన పని కాబట్టి చాలా షెడ్లలో చిల్లు మీద జాలీ పెట్టి, లప్పం పూసి, గీకి, రంగు కొట్టేస్తారు. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని రేకు మీద నడిపిస్తే లప్పం మందంగా ఉన్నచోట అది పట్టదు. రంగు మందం కొలిచే పరికరం ఉంటే ఇంకా స్పష్టం. కర్మాగారంలో వేసిన రంగు మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, లప్పం పూసినచోట అది వేలలోకి పోతుంది. ‘ఒరిజినల్ పెయింటు’ అని రాసిన బండి తలుపు బీడింగు ఎత్తి చూస్తే కింద మరో రంగు కనబడడం, నేను చూసిన బండ్లలో మామూలు విషయం. కొత్త రంగు వేయించామని రాస్తే మీ బండికి పోయేదేమీ లేదు. టింకరింగ్ జరుగుతున్నప్పుడు, లప్పం పూయకముందు తీసిన నాలుగు ఫొటోలు జతచేస్తే బండి విలువ పెరుగుతుంది కూడా. ఆ ఫొటోలు తీయడం ఇవాళ ఫోన్ జేబులో ఉన్న ఎవరికైనా సాధ్యమే. ‘ఎనిమిది లక్షల రెస్టోరేషన్’ అని రాసి, ఆ ఎనిమిది లక్షల పని జరుగుతున్నప్పటి ఒక్క ఫొటో కూడా లేదంటే చదివేవాడు ఏమనుకోవాలి?

తిరిగిన కిలోమీటర్ల గురించి క్లుప్తంగా చెబుతాను. ఆ కాలపు మీటర్లలో అంకెలు ఐదే. 99,999 దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. మనకు మెట్రిక్ కొలతలు రాకముందు వచ్చిన కార్ల మీటర్లు మైళ్ళలో ఉంటాయి. కాబట్టి 1959 బండికి ‘38,000 కిలోమీటర్లు మాత్రమే’ అని రాయడం రెండు విధాలుగా అర్థం లేని మాట. బ్రేకు, క్లచ్ పెడళ్ళ రబ్బరు అరుగుదల, స్టీరింగ్ చక్రం నున్నదనం, తలుపు కీళ్ళ వదులు మీటరుకన్నా నమ్మదగినవి. అలాగే ‘కొత్త టైర్లు’ అన్నచోట టైరు పక్కన ఉండే నాలుగంకెల తయారీ సంఖ్య ఫొటో పెట్టండి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. గాళ్ళు అరగని పన్నెండేళ్ళ టైరు కొత్తది కాదు.

వంశచరిత్రలు చెప్పడంలో మీకున్నంత చొరవ మరెవరికీ లేదు. హైదరాబాదులో అమ్మకానికి వచ్చే ప్రతి మూడో పాత విదేశీ కారు నిజాం గారి గ్యారేజీ నుంచి వచ్చినదే అవుతుంది. కోస్తాలో అయితే ఫలానా జమీందారుదో, ఫలానా సినీ కథానాయకుడు షూటింగుకు వెళ్ళినదో అవుతుంది. నిజాంల కార్లు కట్టుకథ కాదు. 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌తో సహా వారి వాహనాలను చౌమహల్లా ప్యాలెస్‌లో ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. అవి కథల బలంతో అక్కడ నిలబడలేదు, కాగితాల బలంతో నిలబడ్డాయి. రోల్స్ రాయిస్ కార్లకు చాసిస్ కార్డులు ఉన్నాయి; ఏ చాసిస్‌కు ఏ సంస్థ బాడీ కట్టిందో, మొదట ఎవరికి అమ్మారో అందులో ఉంటుంది, ఇంగ్లండులోని ఆ కార్ల అభిమానుల సంఘం వాటిని భద్రపరిచింది. మారిస్, ఆస్టిన్ వంటి అనేక బ్రిటిష్ కార్లకు అక్కడి బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత కర్మాగార దస్తావేజుల ఆధారంగా ధ్రువపత్రం ఇస్తుంది. రాజుగారి కారు అని లక్షలు అదనంగా అడుగుతున్నప్పుడు ఆ ఒక్క కాగితం తెప్పించే ఖర్చు మీకు భారం కాకూడదు. భారతీయ కార్ల విషయంలో పాత ఆర్.సి. పుస్తకంలో వరుసగా ఉన్న యజమానుల పేర్లే చరిత్ర. కొత్త యజమాని పేరుకు మార్చేటప్పుడు ఆ పుస్తకాన్ని పారేయకుండా, కనీసం నకలు తీసి ఉంచండి.

‘పేపర్లన్నీ క్లియర్’ అన్న మాటలో చాలాసార్లు క్లియర్‌గా ఉండేది ఆ మాట ఒక్కటే. సొంత వాడకపు కారుకు రిజిస్ట్రేషన్ గడువు మొదట 15 ఏళ్ళు, ఆ తర్వాత ఐదేళ్ళకొకసారి పునరుద్ధరణ. 2022 ఏప్రిల్‌లో దాని రుసుమును 5,000 రూపాయలకు పెంచారు, ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 2025లో మరింత పెంచారు. రిజిస్ట్రేషన్ ఏ తేదీ వరకు చెల్లుతుందో రాయడానికి ఒక్క వరుస చాలు. ఢిల్లీలో పాత వాహనాల మీద ఆంక్షలు వచ్చిన తర్వాత అక్కడి నుంచి చాలా బండ్లు మన వైపు వచ్చాయి. వాటికి అక్కడి నిరభ్యంతర పత్రం ఉందా, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్పించారా, లేక ఢిల్లీ నంబరుతోనే మూడు చేతులు మారిందా అన్నది ధరను నిర్ణయించే విషయం. రవాణాశాఖ కంప్యూటరులో ఎక్కని చేతిరాత పుస్తకం మాత్రమే ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. ఆ నమోదు చేయించడానికి కొన్నవాడు కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలియనిది కాదు.

ఇవన్నీ రాస్తే ఎవరు కొంటారని మీలో ఒకరు నన్ను ముఖాముఖి అడిగారు. కొనేవారి తప్పు కూడా ఉందని ఒప్పుకుంటాను. అరవై ఏళ్ళ కారును చూడడానికి వచ్చి ఏసీ ఉందా అని అడిగేవారు, అరిగిన అసలు సీటు కన్నా మెరిసే కొత్త రెక్సిన్‌ను మెచ్చుకునేవారు, తుప్పు గురించి నిజం చెప్పిన వ్యాపారిని వదిలి నిజం చెప్పని వ్యాపారి దగ్గరకు వెళ్ళేవారు ఉన్నారు. కానీ ‘జెన్యూన్ బయ్యర్లు మాత్రమే సంప్రదించగలరు’ అని ప్రతి ప్రకటన చివర రాస్తున్నది మీరే. జెన్యూన్ బయ్యరు అడిగే మొదటి మాట ‘కింద ఫొటో పంపండి’ అనే. అది అడిగిన వారిని టైంపాస్ వాళ్ళంటూ ఫోను పెట్టేస్తే, మీకు మిగిలేది మెరుపు చూసి కొని, మూడు నెలల తర్వాత మీ షెడ్డు ముందుకు వచ్చి గొడవపడేవారు మాత్రమే.

మీరు వ్యక్తులుగా ఒక బండి అమ్ముకుంటున్నవారు కాదు, దీన్నే వృత్తిగా చేస్తున్నారు కాబట్టి చట్టం కూడా మిమ్మల్ని వేరుగా చూస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పాత వాహనాల వ్యాపారి రవాణాశాఖ నుంచి అధికారపత్రం పొందాలి. యజమాని బండిని మీకు అప్పగించినట్టు తెలియజేసిన నాటి నుంచి దాని బాధ్యత మీదే. తప్పుదారి పట్టించే ప్రకటన ఇస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఇది బెదిరింపుగా రాయడం లేదు. ‘నో వారంటీ, చూసినది చూసినట్టుగా’ అని చిన్న అక్షరాలతో చివర రాసుకుంటే పైన రాసిన మాటలకు బాధ్యత ఉండదనుకుంటున్నవారికి తెలియాలని రాస్తున్నాను.

అడుగుతున్నది పెద్దదేమీ కాదు. బండిలో ఏవి మొదటి నుంచి ఉన్నవో, ఏవి మార్చినవో, ఏ సంగతి మీకు తెలియదో విడివిడిగా రాయండి. ‘తెలియదు’ అన్న మాట చూసి నేను ఇంతవరకు ఏ కొనుగోలుదారునూ వెనక్కు పంపలేదు. తయారీ సంవత్సరం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ఆర్.సి.లోని ఇంధనం, గడువు రాయండి. చాసిస్ నంబరు చోటును రంగుతో కప్పకుండా, సాన పట్టకుండా ఫొటో తీయండి. అమ్మకం అయ్యేదాకా చివరి అంకెలు కప్పి ఉంచినా ఎవరూ తప్పుపట్టరు. మ్యాట్లు ఎత్తి, స్టెప్నీ తీసి, జాకీ వేసి కింది భాగాన్ని పగటి వెలుగులో చూపించండి. పొద్దున చల్లగా ఉన్న ఇంజినును మొదటిసారి స్టార్ట్ చేసి, పొగ గొట్టం కనిపించేలా, ఆయిల్ మూత తీసి బ్యాక్ కంప్రెషన్ (ఇంజిను లోపలి నుంచి ఆ మూత దారిన ఎగదన్నే పొగ) కనిపించేలా రెండు నిమిషాల వీడియో పెట్టండి. కొనదలచినవాడు వచ్చేసరికి ఇంజినును వేడిచేసి ఉంచే అలవాటును మానుకోండి. బానెట్ మీద చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. బండి చూడకముందే ‘ఇంకో పార్టీ దారిలో ఉంది’ అని చెప్పి టోకెన్ అడ్వాన్సు వేయించుకోవడం, చూసి వద్దన్నవారికి ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికి నెలలు తిప్పించుకోవడం వెంటనే ఆపండి.

ఈ విధంగా రాసిన ప్రకటన మీలో ఎవరు ఇచ్చినా, ఆ బండి కోసం అడుగుతున్న వారిని నేనే వెంటబెట్టుకొని వస్తాను. సిల్ రేకులో చిల్లు ఉందని మీరే ముందు చెప్పి ఉంటే, దాని మీద బేరం ఆడవలసిందిగా వారికి చెబుతాను గానీ, బండి వదిలేయమని చెప్పను.

ఇట్లు,
మీ ప్రకటనలను రెండుసార్లు చదివే ఒక పాత కార్ల అభిమాని